చలివేంద్రం దగ్గర వేసిన కండువా

ఆ వేసవిలో ఎవరితోనూ మాట్లాడకుండా కొన్నాళ్ళు పడుకుందామనుకున్నాను. పదో తరగతి పేపర్లు దిద్ది దిద్ది వేళ్ళు వంకర్లు పోయాయి. ఎన్నికల డ్యూటీ పడింది. ఇంట్లో నర్సమ్మకు మోకాలి నొప్పి. ఇన్నిటి మధ్యలో మా సంఘం వాళ్ళు ఒకరి మీద ఒకరు ఫోన్ చేసి చెప్పే చాడీలు. దేవుడు నాకు చెవులు ఎందుకిచ్చాడా అని విసుక్కుంటూనే ఫోన్ ఎత్తేదాన్ని.

నర్సమ్మ అంటే నాతో ఉండే మనిషి. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ప్రొద్దుటూరులో మేమిద్దరం ఒకే ఇంట్లో కాపురం పెట్టి చాలా ఏళ్ళయింది. వీధిలో వాళ్ళు మమ్మల్ని అక్కచెల్లెళ్ళంటారు. చర్చిలో పాస్టరయ్య భార్య అయితే, పెళ్ళి మానుకుని సేవకు అంకితమైన బిడ్డలంటుంది. మేము రెండింటికీ తల ఊపుతాం. అలా ఊపడంలోనే సగం జీవితం గడిచిపోయింది.

మా సంఘానికి పేరు లేదు, బోర్డు లేదు. ఆదివారం చర్చి అయ్యాక, భోజనాలయ్యాక, దర్జీ భాయ్ కొట్టు మీదున్న గదిలో కలిసేవాళ్ళం. భాయ్ కువైట్‌లో చాలా కాలం కుట్టుపని చేసి తిరిగొచ్చినవాడు. పెళ్ళి సంబంధాలు చూడబోయిన బంధువులందరికీ ఏదో ఒక వంక చెప్పి, చివరికి వంకలు కూడా అయిపోయి గమ్మునున్నవాడు. ఆ గదికి హిజ్రాలు వచ్చేవారు. పెళ్ళాం పిల్లలుండి, మనసు ఇంకో మగవాడి దగ్గర పెట్టుకున్నవాళ్ళు వచ్చేవారు. మా ఇద్దరిలాంటి ఆడవాళ్ళు తక్కువ. వచ్చినా తలుపు పక్కనే కూర్చునేవాళ్ళు. చేసే పని పెద్దదేమీ కాదు. ఒకరిని పోలీసులు పట్టుకుపోతే వెళ్ళి విడిపించడం, ఒకరికి ఆసుపత్రిలో ఎవరూ తోడు లేకపోతే నర్సమ్మ ఉండడం, ఒకరు ఏడిస్తే మిగతావాళ్ళు టీ తెప్పించడం.

మాకు రెండే రెండు కట్టుబాట్లు. మెట్లెక్కగానే ఫోన్లు వెదురుబుట్టలో పెట్టాలి. రెండోది, పార్టీ మాట గదిలోకి రాకూడదు.

మొదటిది ఎవరికైనా అర్థమవుతుంది. రెండోది మా వైపు వాళ్ళకే బాగా అర్థమవుతుంది. నా మొదటి ఉద్యోగం పులివెందుల అవతల లింగాల మండలంలో ఒక ఊళ్ళో. ఫ్యాక్షన్ బాగా ఉన్న రోజులు. క్లాసులో పిల్లలు వరుసల్లో కాదు, వర్గాల్లో కూర్చునేవాళ్ళు. ఎక్కడైనా బాంబు చప్పుడైతే భయపడేవాళ్ళు కాదు, అది ఎవరి వైపు నుంచి వచ్చిందో చెప్పుకునేవాళ్ళు. ఒక వర్గం వాడు టీ తాగే బంకులో ఇంకో వర్గం వాడు నీళ్ళు కూడా ముట్టడు. చంపడానికి వీలుకాకపోతే చీనీ చెట్లు, అంటే బత్తాయి చెట్లు, నరికేవాళ్ళు. కాపుకొచ్చిన తోటను ఒక్కరోజులో నేలకూలిస్తే ఆ ఇల్లు మళ్ళీ లేవడానికి ఎన్నో ఏళ్ళు పట్టేది. తర్వాత తర్వాత బాంబులు తగ్గాయి. వర్గాలు పార్టీలయ్యాయి, పార్టీలకు కండువాలొచ్చాయి. ఎవరి మెడలో ఏ రంగు ఉందో చూసే కళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

మా గదికి వచ్చేవాళ్ళలో ఒకతన్ని అందరూ చీరలబ్బి అనేవాళ్ళు. ముప్పైకి దగ్గరపడినవాడు. లింగాల దగ్గర బడిలో నా దగ్గరే చదువుకున్నాడు. చదువు అంతంతమాత్రం, చేతి పని బాగా ఉండేది. ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడిలో నేనే పనికి పెట్టించాను. చీరలు కొనడానికొచ్చిన ఆడవాళ్ళకు కట్టు ఎలా ఉంటుందో చూపించడానికి అంగడి పిల్లలు చీర తమ ఒంటి మీదే వేసుకుంటారు కదా, వాడు కుచ్చిళ్ళు పెట్టి పైట సర్దుకుంటే ఆడవాళ్ళు వేరే చీర చూడకుండా అదే కొనుక్కుపోయేవాళ్ళు. "ఊరంతా చూస్తాండగా చీర కట్టుకుంటా, జీతం గూడ ఇస్తారు మేడం," అని నవ్వేవాడు. అంతమంది ముందు అంత ధైర్యంగా ఉండేది ఆ ఒక్క చోటే.

సంఘానికి పెద్ద గురువమ్మ. హిజ్రాల్లో గురువు, మా అందరికీ కూడా గురువే. లావుపాటి మనిషి, గొంతు తెరిస్తే బజారు చివరిదాకా వినిపించేది. ఎవరికి కష్టమొచ్చినా ముందు ఆమెకే ఫోన్ వెళ్ళేది. స్టేషన్‌లోకి ఆమె అడుగుపెడితే కానిస్టేబుళ్ళు కుర్చీ వేసేవాళ్ళు, గౌరవానికి కొంత, గోలకు భయపడి కొంత. నేను ఆమెను ప్రేమించాను. ఇప్పటికీ ప్రేమిస్తాను. ఇది ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఇక మీదట చెప్పబోయేది ఆమె చేసిన తప్పు గురించి.

ఆ ఎండాకాలం జమ్మలమడుగు బస్టాండు దగ్గర చలివేంద్రం పెడదామన్నది గురువమ్మే. జనానికి మన చేతి నీళ్ళు తాగడం అలవాటు కావాలంది. మంచి ఆలోచన. పందిరి వేశారు, కుండలు పెట్టారు, మజ్జిగ కూడా చేశారు. నేను ఎన్నికల శిక్షణలో ఉండి వెళ్ళలేదు. మొదటిరోజు మధ్యాహ్నం ఒక పార్టీ అభ్యర్థి ప్రచారానికి వస్తూ అక్కడ ఆగాడు. ఏ పార్టీయో చెప్పను, చెబితే మీరు ఇక కథ వినరు, రంగు చూస్తారు. ఆయన వెంట వచ్చినవాళ్ళు పద్ధతి ప్రకారం అక్కడున్న అందరి మెడల్లో కండువాలు వేశారు. మా వైపు ఎవరూ వద్దనరు. వద్దంటే అవతలి వర్గమని చెప్పినట్టే. ఆయన కారు కదిలేదాకా ఉంచుకుని తర్వాత మడిచి సంచిలో పెట్టుకుంటారు. అందరికీ తెలిసిన మర్యాద అది.

గురువమ్మ అక్కడితో ఆగలేదు. ఫోన్ తీసి ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టింది. మేమందరం అన్న వెంటే, మా ఓట్లన్నీ అన్నకే అని చేతులు చరిచి చెప్పింది. ఆమె పక్కన, మెడలో కండువాతో, నోరారా నవ్వుతూ చీరలబ్బి.

సాయంత్రానికల్లా రెండు పార్టీల వాట్సాప్ గ్రూపుల్లోనూ అదే వీడియో. ఒక పార్టీ వాళ్ళు జయజయలు పెట్టారు. ఇంకో పార్టీ వాళ్ళు బూతులు పెట్టారు. ఎవరో వీడియోను ఆపి, ఫోటో తీసి, చీరలబ్బి ముఖం చుట్టూ ఎర్రటి సున్నా గీసి, ఫలానా ఊరి ఫలానావాళ్ళ కొడుకు అవతలి పార్టీలో చేరాడు, అదీ ఎవరితో చేరాడో చూడండి అని రాశారు. వాళ్ళ తాతను చంపినవాళ్ళు ఆ పార్టీ వైపు వాళ్ళే. ఆ సంగతి తెలిసినవాడెవడో కావాలనే గీశాడు.

మరునాడు వాళ్ళ నాయన మా ఇంటికొచ్చాడు. తెల్లపంచె, భుజాన తువ్వాలు, ఎండకు కమిలిన ముఖం. లోపలికి రమ్మంటే రాలేదు. గేటు పట్టుకుని నిలబడ్డాడు. భార్య ఎప్పుడో పోయింది, ఆ ఇంట్లో ఉండేది ఆయనా, ఆదివారం చివరి బస్సుకు వచ్చి సోమవారం మొదటి బస్సుకు వెళ్ళిపోయే ఈ కొడుకూ. అంతే.

"మేడం, వాడు ఎట్లాంటోళ్ళతో తిరుగుతాండాడో నాకు శానా దినాలుగా తెల్సు," అన్నాడు. "ఊర్లో గూడ తెల్సు. ఎవురూ నోరిప్పి అనల్యా, నేనూ అడగల్యా. ఆడికి సరిపాయ. కానీ ఆ కండువా ఏంది మేడం? మా నాయన్ను నరికినోళ్ళ కండువా. అది వాని మెడలోకి ఎట్లొచ్చె?"

"వాళ్ళొచ్చి వేస్తే ఏం చేస్తాడప్పా? మీకు తెలీనిదా?"

"నవ్వుతాండాడు గదా మేడం."

ఆయన గేటు వదిలి, "మా గడప తొక్కొద్దని చెప్పండి వానికి," అని వెళ్ళిపోయాడు. వరండాలో కూర్చుని వింటున్న నర్సమ్మ మోకాలు రుద్దుకుంటూ, కొడుకు అట్లాంటివాడైనా సర్దుకున్నాడు కానీ పార్టీ మారితే సర్దుకోలేకపోయాడు చూడు, ఇది మన కడప జిల్లా అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చీరలబ్బి మాత్రం ఆ ఆదివారం ఊరికి పోలేదు, ఆ తర్వాతి ఆదివారమూ పోలేదు. అంగడి వెనక బట్టల మూటల మధ్య పడుకునేవాడు. ఇంటికి పోవాలి మేడం అనేవాడు, ఇంకేమీ అనేవాడు కాదు.

సంఘంలో గొడవ మొదలైంది. గురువమ్మను తీసెయ్యాలని కొందరు. గురువమ్మ లేకపోతే మీరెవరని కొందరు. ఆదివారం నేనూ నర్సమ్మా వెళ్ళేసరికి గదిలో రెండు చాపలు పరిచి ఉన్నాయి. ఒక చాప మీద గురువమ్మ వైపు వాళ్ళు, ఇంకో చాప మీద చీరలబ్బి వైపు వాళ్ళు. టీ కూడా వేరే వేరే బంకుల నుంచి తెప్పించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏ రోగానికి భయపడి ఇక్కడికి పారిపోయొచ్చామో ఆ రోగాన్ని చెప్పులతో పాటు వెంటబెట్టుకొచ్చామనిపించింది. నేను ఏ చాప మీదా కూర్చోకుండా భాయ్ కుట్టుమిషన్ స్టూలు లాక్కుని కూర్చున్నాను. రెండు చాపల వాళ్ళూ నేను అవతలివాళ్ళ వైపే అనుకున్నారని తర్వాత తెలిసింది.

హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. అక్కడ మాలాంటివాళ్ళ సంఘంలో పనిచేస్తుంది, మంచి పిల్ల, మాకు అంతకుముందు వకీలును కూడా చూసిపెట్టింది. అకౌంటబిలిటీ ప్రాసెస్ పెట్టాలి మేడం, తప్పు చేసినవాళ్ళ చేత అందరి ముందు జవాబు చెప్పించాలి, ముందుగా ఫేస్‌బుక్‌లో స్టేట్‌మెంట్ ఇవ్వండి, జరిగింది ఖండించండి అంది. ఆ పిల్ల చెప్పినదాంట్లో తప్పు లేదు. మా దగ్గర ఒకరు ఫేస్‌బుక్‌లో ఖండిస్తే అవతలివాడు తిరిగి ఖండించకుండా అన్నం తినడని ఆ పిల్లకు ఎలా చెప్పాలో తెలియలేదు. సరేనమ్మా చూస్తామని పెట్టేశాను.

దర్జీ భాయ్‌ది ఇంకో దారి. "రాజీ చేపిద్దాం మేడం. ఇద్దరినీ కూసోబెట్టి చేతులు కలిపిద్దాం. తలా ఒక టీ తాగుదాం. ఐపోతాది. ఎన్నిరోజులని ఈ యాష్ట?"

రాజీ అంటే ఏమిటో నాకు తెలుసు. ఫ్యాక్షన్ రోజుల్లో ఎన్నో చూశాను. ఇద్దరు నాయకులు కావలించుకుంటారు, ఒకే పంక్తిలో కూర్చుని భోంచేస్తారు. ఎవరు ఎవరిని ఏం చేశారన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. ఆ మాట రాకూడదనే రాజీ. చచ్చినవాడి పెళ్ళాం ఆ భోజనాలకు వడ్డిస్తూ ఉంటుంది. అందుకే అవి మళ్ళీ మళ్ళీ తెగేవి.

"చేతులు తర్వాత కలుపుదాం భాయ్. ముందు ఏం జరిగిందో చెప్పనీ," అన్నాను.

గురువమ్మ లేచింది. ముఖం ఎర్రగా ఉంది. "ఏమో, తప్పు జరిగిపాయ. నేను పెద్దదాన్ని, నేనే వంగుతా. దా బిడ్డా," అంటూ చీరలబ్బి కాళ్ళ మీదికి వంగబోయింది.

ఇది మా దగ్గర అందరికీ తెలిసిన విద్య. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కాళ్ళ మీదికి వంగితే చుట్టూ ఉన్నవాళ్ళు అయ్యో అమ్మా అని పరిగెత్తి పట్టుకోవాలి. పట్టుకుంటే పంచాయితీ అయిపోయినట్టే. అంత పెద్ద మనిషి వంగింది, ఇంకా ఏం కావాలి అంటారు. తప్పు చేసింది ఎవరన్నది అందరూ మరిచిపోయి, పెద్దమనిషిని అంతదూరం తెచ్చినందుకు నొచ్చుకున్నవాడినే తిడతారు. రెండు చాపల మీది వాళ్ళూ ఒకేసారి లేచారు. వాళ్ళు కలిసి చేసిన పని ఆ నెలలో అదొక్కటే.

"ఎవరూ పట్టుకోవద్దు," అన్నాను. బడిలో అరిచినట్టే అరిచాను.

అందరూ నిలబడిపోయారు. గురువమ్మ సగం వంగి ఆగింది. ఎవరో ఒకరు పట్టుకుంటారని ఆమె ఒళ్ళు ఎదురుచూసింది. ఎవరూ పట్టుకోలేదు. చీరలబ్బి కాళ్ళు వెనక్కి లాక్కుని గోడకు ఆనుకున్నాడు. ఆమె మెల్లగా నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇంకా గుర్తుంది. కోపం కంటే బెదురే ఎక్కువ ఉంది అందులో.

"కాళ్ళు వద్దు గురువమ్మా. కూర్చో. నోటితో చెప్పు. ఏం చేసినావో వానికి చెప్పు."

"నిన్ను జమ్మలమడుగు లాడ్జిలో నర్సమ్మతో పాటు పోలీసోళ్ళు పట్టుకున్నప్పుడు, ఏ పార్టీవాని చేత చెప్పిచ్చి ఇడిపించుకోనొస్తినో అడిగినావా మేడం నువ్వు? అప్పుడు యాడికి పోయినాయి ఈ కట్టుబాట్లు?"

ఆ మాట నిజమే. గదిలో సగం మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. నర్సమ్మ తల దించుకుంది. నాకు ముఖం మండింది. అయినా లేవలేదు.

"ఆ రుణం నాకూ నీకూ మధ్యది. ఇది వానికీ నీకూ మధ్యది. చెప్పు," అన్నాను.

గురువమ్మ పైట కొంగుతో మెడ తుడుచుకుంది. తర్వాత ఎవరి వైపూ కాకుండా చాప వైపు చూస్తూ మొదలుపెట్టింది. "వాడు కుండల ఎనక దాక్కున్యాడు. నేనే చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చినా. పార్టీ పిల్లోని చేతిలో కండువా నేనే తీసుకొని వాని మెడలో ఏసినా. వద్దమ్మా, మా ఇంట్లో ఊరుకోరు అన్యాడు. నాకినిపిచ్చింది. ఇనిపిచ్చినా ఏసినా. ఫోన్లో మనోళ్ళు శానామంది కనపడల్లని. మన పిల్లోళ్ళకు ఇండ్ల స్థలాలిప్పిస్తా అన్యాడు ఆయప్ప. పదిమందీ లేరే అంటాడేమో అనుకున్యా." ఆగి, మళ్ళీ అంది. "మొగం ముడుచుకున్యాడు గదా, వీడియోలో బాగుండదని చెవిలో ఒక మాట చెప్పి నవ్విచ్చినా."

ఆమె శిష్యురాళ్ళలో ఒకరు ఏడుస్తూ కిందికి వెళ్ళిపోయారు. ఇండ్ల స్థలాల మాట మాలో ఎవరికీ తెలియదు. వాళ్ళలో చాలామంది అద్దె ఇళ్ళ నుంచి గెంటించుకున్నవాళ్ళే. నాకు అంతవరకూ ఉన్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా పోయింది.

శిక్ష ఏమిటని ఎవరో అడిగారు. నీకేం కావాలని నేను చీరలబ్బినే అడిగాను.

"ఈ మాట మా నాయనకు చెప్పల్ల మేడం," అన్నాడు. "ఇట్లే. ఇప్పుడు చెప్పినట్లే."

గది అంతా ఒక్కసారి గోల. ఆ ఊరికా? ఆ వీడియోలో కనిపించిన ముఖంతోనా? ఎన్నికలు కూడా కాలేదు, ఊరి పొలిమేరలోనే ఆపుతారు అన్నారు. వాళ్ళ భయం వట్టిది కాదు. గురువమ్మ అందరినీ అరవనిచ్చి, చివరికి, "ఏం చీర కట్టుకోవల్ల?" అని చీరలబ్బినే అడిగింది.

ఆ ఒక్క మాటకు నాకు ఆమె మీద ప్రేమంతా తిరిగొచ్చింది.

చీర వెతకడం కూడా ఒక యాతనే అయింది. మా జిల్లాలో ఏ పార్టీదీ కాని రంగు దొరకడం కష్టం. అంగడిలో ఉన్నవన్నీ తిరగేసి, చివరికి ఎర్రమట్టి రంగు నూలు చీర ఒకటి తెచ్చాడు. అది కట్టుకుంటే గురువమ్మ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌లా ఉందని నర్సమ్మ అంది.

పోలింగ్ అయిపోయాక వెళ్ళాం. నేనూ గురువమ్మా చీరలబ్బీ ముగ్గురం, ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సు. కండక్టరు గురువమ్మను చూసి ఏదో అనబోయి, పక్కన నన్ను చూసి టికెట్లు కొట్టాడు. పులివెందుల బస్టాండులో బొరుగుల ఉగ్గాని తిన్నాం. గురువమ్మ తినలేదు. ఎప్పుడూ నోరు మూయని మనిషి దారిపొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అక్కడి నుంచి ఆటో. ఊళ్ళో రచ్చబండ మీద కూర్చున్నవాళ్ళు మాట ఆపేసి చూశారు. ఎవరూ ఆపలేదు. నేను ఒకప్పుడు ఆ చుట్టుపక్కల చెప్పిన చదువు ఆరోజు కొంచెం పనికొచ్చిందనుకుంటాను.

ఆయన ఇంటి దగ్గర లేడు, చీనీ తోటలో ఉన్నాడు. అక్కడికే వెళ్ళాం. మోటారు గది ముందున్న పందిరి కింద మంచం వాల్చాడు నా కోసం. గట్టు వెంబడి పాత చెట్ల మోళ్ళు ఇంకా ఉన్నాయి, ఆయన తండ్రిని చంపిన ఏడాదే అవతలివాళ్ళు నరికినవి. పీకించలేదు. వాటి పక్కనే కొత్త చెట్లు కాపుకొచ్చాయి. కొడుకు వైపు ఆయన చూడలేదు. కొడుకు నీళ్ళ కాలువ అవతలే నిలబడ్డాడు.

గురువమ్మ కూర్చోలేదు. చేతులు ముందు పెట్టుకుని, గదిలో చెప్పినట్టే చెప్పింది. కుండల వెనక దాక్కోవడం, చెయ్యి పట్టి లాగడం, వద్దనడం, వినపడడం. ఒక్క మాట తగ్గించలేదు. ఇండ్ల స్థలాల సంగతి మాత్రం చెప్పలేదు. అది చెబితే సాకులా ఉంటుందనుకుందేమో.

"వద్దన్యాడా వాడు?"

"అన్యాడప్పా. నాకినిపిచ్చింది."

"మల్ల నవ్వినాడెందుకు?"

"నేను చెవిలో ఒక మాట చెప్పినా."

"ఏం మాట?"

"అది మీకు చెప్పే మాట కాదులేప్పా."

ఆయన మూతి కాస్త కదిలింది, వెంటనే సర్దుకున్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని కిందికి చూస్తూ కూర్చున్నాడు. మేము గెలిచామని నాకనిపించింది. ఇక కొడుకును పిలుస్తాడు, ఇంట్లోకి పదమంటాడు అనుకున్నాను. ఎండలో అంత దూరం వచ్చిన అలసటంతా ఆ ఒక్క క్షణం తీరిపోయినట్టయింది.

"ఇన్ని దినాలు ఆ కండువా మీదనే కోపం పెట్టుకోని కూసోనుంటి మేడం," అన్నాడు ఆయన. "అది ఎవురికైనా చెప్పుకునే కోపం. ఊర్లో గూడ అందరూ అవునప్పా అవునప్పా అన్యారు. దాన్ని మీరొచ్చి తీసేస్తిరి. ఇంగ మిగిలినదానికి నేనేం చెయ్యల్ల?"

ఆ సున్నా గీసిన ఫోటో తర్వాత, ఎవరూ నోరిప్పి అనని సంగతి ఊరందరి నోళ్ళలో ఉంది. కండువా ఒక్కటే దానికి అడ్డుగా ఉండింది. దాన్ని మేమే, నిజాయితీగా, ఎంతో కష్టపడి తొలగించాం. నాకు ఆయన మీద కోపమొచ్చింది, ఆ ఊరి మీద కోపమొచ్చింది, మా గది మీద, మా మంచితనం మీద కూడా కోపమొచ్చింది. కాలువ అవతల వాడు అన్నీ వింటూ నిలబడ్డాడు.

ఆయన లేచి కొన్ని కాయలు కోసి సంచిలో వేసి గురువమ్మ చేతికిచ్చాడు. తర్వాత మొదటిసారి కొడుకు వైపు తిరిగాడు.

"ఆదివారం పగుల్టి పూట రా. అందురూ సంతకు పోతారు. వాళ్ళు తిరిగొచ్చే లోపల పో."

అంగడికి సెలవు ఆదివారమే. మా గదిలో కలిసేదీ ఆదివారం పగలే. ఇక ఇంటికి పోతే వాడు గదికి రాలేడని ముగ్గురికీ తట్టింది. తిరుగు బస్సులో గురువమ్మ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. దిగేముందు లేచి, "పోనీలే మేడం, వాని ఇల్లు వానికొచ్చె," అంది. వాడు మా దగ్గరే ఉండాలని నాకుంది.

ఇండ్ల స్థలాలు రాలేదు. వీడియో గురువమ్మ తీసేసింది కానీ అప్పటికే అది జనం ఫోన్లలో ఉంది, ఏ ఎన్నికలొచ్చినా మళ్ళీ తిరుగుతుంది. ఇప్పుడు మెట్లెక్కగానే బుట్టలో మొదట పడేది ఆమె ఫోనే. రెండు చాపల్లో ఒకటి చిరిగిపోతే అందరూ మిగిలినదాని మీదే సర్దుకున్నారు. కొందరు రావడం మానేశారు. చీరలబ్బి కూడా రావడం లేదు.

మొన్న నర్సమ్మ పుట్టినరోజుకు చీర కొందామని అంగడికి వెళ్ళాను. వాడే చూపించాడు. ఒక నేరేడుపండు రంగు చీర భుజాన వేసుకుని, కుచ్చిళ్ళు పెట్టి, పైట సర్దుకుని నిలబడ్డాడు. ఇంట్లో ఎలా ఉందిరా అని అడిగాను.

"మా నాయన మాట్లాడడు మేడం. పక్కన కూసుంటాడు. సంత నుంచి ట్రాక్టర్ల చప్పుడు ఇనపడితే, ఇంగ పో అంటాడు."

"దానికోసం అంత దూరం ఎందుకు పోతాండావురా ప్రతి వారం?"

వాడు పైట కొంగు నా ముందు పరిచి అంచు చూపిస్తూ అన్నాడు. "పక్కన కూసుంటాడు గదా మేడం."

ఆ చీరే పొట్లం కట్టమన్నాను.